పిల్లల మధ్య కూర్చుని స్వెటర్ అల్లడం: ఊలు కొనడం నుంచి గుండీలు కుట్టేదాకా

చిన్నపిల్లల తల్లి అల్లిక మొదలుపెట్టి మధ్యలో వదిలేసిందంటే కారణం చాలాసార్లు ఒకటే. వరుస సగంలో లేవాల్సి వస్తుంది. తిరిగి వచ్చేసరికి ఎక్కడ ఆపామో గుర్తుండదు, నాలుగు కుట్లు జారిపోయి ఉంటాయి, ఊలు ఉండ సోఫా కింద చేరి ఉంటుంది. రెండుమూడు సార్లు ఇలా అయ్యాక సంచి అటక ఎక్కుతుంది.

"పిల్లలు పడుకున్నాక తీరిగ్గా అల్లుకో" అని చెప్పేవాళ్లుంటారు. ఆ తీరిక సమయంలో మనకూ నిద్రే వస్తుంది. అందుకని ఈ మార్గదర్శిని వేరే లెక్కన రాస్తున్నాను. ఏ క్షణంలో లేచినా పాడవని పనిని ఎంచుకోవాలి. బుర్ర పెట్టాల్సిన భాగాలను విడిగా తీసి రాత్రికి ఉంచుకోవాలి. మిగతాదంతా గోలలోనే అల్లేయాలి. ఉదాహరణకు రెండేళ్ల పిల్లకో పిల్లాడికో ముందు తెరుచుకునే, చేతుల్లేని స్వెటర్‌ని తీసుకుందాం. దీనికి నిట్ కుట్టు ఒక్కటి వస్తే చాలు.

ముందు ఏం అల్లకూడదో

మొదటి పనిగా దుప్పటి వద్దు. నెలల తరబడి సాగుతుంది, పెరిగే కొద్దీ ఒళ్లో బరువవుతుంది, వేసవి వచ్చేస్తుంది. బుల్లి మేజోళ్లు కూడా వద్దు. చూడటానికి చిన్నవే గానీ ప్రతి వరుసలో ఏదో ఒకటి మారుతూ ఉంటుంది, లెక్క తప్పితే అంతే. కడుపుతో ఉండి అల్లేవాళ్లు పుట్టగానే తొడిగే సైజు జోలికి పోకండి, అది కొన్ని వారాల్లో బిగుతైపోతుంది. ఆరు నెలల నుంచి ఏడాది వయసు సైజు అల్లితే ఒక చలికాలమైనా వాడతారు. పుట్టే నెల, చలి నెల లెక్క వేసుకుని సైజు నిర్ణయించుకోండి.

డబ్బు ఆదా అవుతుందని మాత్రం మొదలుపెట్టకండి. చలికాలంలో మన ఊళ్లలో టిబెటన్లు పెట్టే స్వెటర్ల దుకాణాల్లో మిషన్ స్వెటర్ మన ఊలు ఖర్చుకి అటూఇటూగా వచ్చేస్తుంది, మన కష్టం అదనం. "ఇంతోటిదానికి కొనేస్తే పోయేదిగా" అని అత్తగారు అంటే అది నిజమే. అల్లడం ఇష్టం కాబట్టి అల్లుతున్నాం, అంతే.

ఊలు, సూదులు

మన వాతావరణానికి స్వచ్ఛమైన ఉన్ని అక్కర్లేదు. పిల్లల బట్టలు వారానికి నాలుగుసార్లు ఉతుకుతాం. అసలైన ఉన్నిని వేడినీళ్లలో వేసి రుద్దితే పోగులు ఒకదానికొకటి పట్టుకుని కుంచించుకుపోతుంది. అక్రిలిక్ ఊలుకు ఆ బాధ లేదు, ధరా తక్కువ. వర్ధమాన్ లాంటి కంపెనీల ఊలు ఊళ్లలోని ఫ్యాన్సీ స్టోర్లలో, లేసులూ బటన్లూ అమ్మే టైలరింగ్ మెటీరియల్ కొట్లలో దొరుకుతుంది. విజయవాడ, విశాఖ లాంటి చోట్ల ఉక్కపోతకి కాటన్ దారం బాగుంటుంది గానీ అది సాగదు, బరువెక్కువ, మొదటిసారి అల్లేవాళ్ల వేళ్లకి గట్టిగా తగులుతుంది. మొదటిదానికి అక్రిలిక్, రెండోదానికి కాటన్ అని నా సలహా. అయితే అక్రిలిక్ మంట తగిలితే కరిగిపోతుంది. మిగిలిన ఊలుతో వంటింట్లో వేడి గిన్నెలు దించే గుడ్డలు అల్లకండి, వాటికి కాటనే వాడాలి.

లేబుల్ మీద డీకే (డబుల్ నిట్టింగ్, అంటే మరీ సన్నమూ మరీ లావూ కాని ఊలు) అని ఉన్నదో, 4 మి.మీ. సూదికి సరిపోతుందని రాసి ఉన్నదో తీసుకోండి. ఈ స్వెటర్‌కి 150 గ్రాములు కొంటే కొంత మిగులుతుంది. అన్ని ఉండల మీదా లాట్ నంబర్ ఒకటే ఉందో లేదో కొట్లోనే చూసుకోండి. నంబర్ మారితే రంగు ఛాయ కాస్త మారుతుంది, ఇంటికొచ్చి పగటి వెలుతురులో చూస్తే గాని తెలియదు. నలుపు, ముదురు నీలం వద్దు, రాత్రి ట్యూబ్‌లైట్ కింద కుట్లు కనపడవు. మెత్తగా నూగు లేచే ఊలూ వద్దు. పిల్లల నోట్లోకి పోతుంది, ఊడదీయడానికీ రాదు.

సూదుల దగ్గర మాత్రం రాజీ పడకండి. రెండు విడి సూదులు కాకుండా, మధ్యలో ప్లాస్టిక్ తీగ ఉండే సర్క్యులర్ సూది కొనండి: 4 మి.మీ. మందం, 80 సెం.మీ. పొడవు. గుండ్రంగా అల్లడానికే అనుకుంటారు గానీ దీంతో మామూలు ముక్కలు కూడా అటూ ఇటూ తిప్పుతూ అల్లుకోవచ్చు. లేవాల్సి వచ్చినప్పుడు కుట్లన్నిటినీ తీగ మీదికి తోసేస్తే జారవు. పొడవాటి సూది చివర పక్కన కూర్చున్న పిల్ల కంటికి తగులుతుందన్న భయం కూడా తగ్గుతుంది, పూర్తిగా పోదు. బరువు ఒళ్లో ఉంటుంది కాబట్టి మణికట్టుకి సుఖం.

సూది నంబర్లు కాస్త తికమక. మన దగ్గర చాలా కొట్లలో పాత బ్రిటిష్ నంబర్లే నడుస్తాయి. వాటిలో నంబర్ పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది: 8 అంటే 4 మి.మీ., 10 అంటే 3.25 మి.మీ. అమెరికాలో లెక్క తలకిందులు, అక్కడ 4 మి.మీ. సూదిని 6వ నంబర్ అంటారు. అక్కడున్న చెల్లెలితో తెప్పించుకుంటున్నా, ఆన్‌లైన్‌లో కొంటున్నా నంబర్ వదిలేసి మిల్లీమీటర్లు అడగండి.

ఇంకా కావలసినవి: నాలుగు గుండీలు, టేపు, చిన్న కత్తెర, ఊలు ఎక్కే పెద్ద కన్నున్న మొండి సూది, ఒక క్రోషా సూది, ఇంట్లో ఉన్న వేరే రంగు దారం ముక్కలు, మూతి బిగించే గుడ్డ సంచి. గుర్తుల కోసం పిన్నీసులు వాడమని చెబుతుంటారు. పాకే పిల్లలున్న ఇంట్లో వద్దు, రంగు దారం ముడి చాలు.

నిట్ కుట్టు, శాంపిల్ ముక్క

కుట్లున్న సూది ఎడమ చేతిలో, ఖాళీ కొన కుడి చేతిలో. కుడి కొనని మొదటి కుట్టులోకి ముందు నుంచి వెనక్కి గుచ్చండి. వెనకున్న ఊలుని ఆ కొన చుట్టూ ఒకసారి తిప్పండి. ఆ ఊలుతో సహా కొనని కుట్టులోంచి ముందుకి లాగండి. పాత కుట్టుని ఎడమ కొన నుంచి జార్చేయండి. అదొక నిట్ కుట్టు. వరుస అయ్యాక సూదుల్ని చేతులు మార్చి మళ్లీ అదే. ఇలా ప్రతి వరుసా నిట్‌ చేస్తే రెండు వరుసలకొక గట్టు లేస్తుంది. ముక్క రెండు వైపులా ఒకేలా ఉంటుంది, అంచులు చుట్టుకుపోవు. సూది మీదికి మొదట కుట్లు ఎక్కించడం మాత్రం ఎంత రాసినా అర్థం కాదు, ఒక వీడియో చూసి నేర్చుకోవడమే మేలు.

24 కుట్లు ఎక్కించి 24 గట్లు అల్లండి. మధ్యలో 10 సెం.మీ. వెడల్పుకి ఎన్ని కుట్లు వచ్చాయో లెక్కపెట్టండి. 20 వస్తే సరిగ్గా ఉన్నారు. 22 వస్తే బిగించి అల్లుతున్నారు, 4.5 మి.మీ. సూదికి మారండి. 18 వస్తే వదులు, 3.75కి రండి. పిల్లలు ఇంట్లో లేని పూట ఈ పని పెట్టుకోండి. ఇది దాటేసి నేరుగా స్వెటర్ మొదలుపెడితే రెండేళ్ల పిల్ల స్వెటర్ నాలుగేళ్ల పిల్లకి సరిపోయేలా వస్తుంది. వస్తే వచ్చిందిలే, రెండేళ్లాగి వాడతాం అనుకునేవాళ్లు దాటేయొచ్చు.

లెక్క

10 సెం.మీ.కి 20 కుట్లు, 20 గట్లు అనుకుంటే లెక్క చాలా తేలిక. పిల్ల ఛాతీ చుట్టుకొలత సెంటీమీటర్లలో తీసి 8 కలపండి, వెనక ముక్కకి అన్ని కుట్లు. ఆరు వదులు కోసం, మిగతా రెండూ పక్కలు కలిపి కుట్టడం కోసం. బేసి సంఖ్య వస్తే ఇంకొకటి కలపండి. ముందు ముక్క ఒక్కోదానికి అందులో సగానికి మూడు ఎక్కువ, గుండీల దగ్గర ఒకదాని మీద ఒకటి రావాలి కదా.

మన పిల్ల ఛాతీ 52 సెం.మీ. అనుకుందాం. వెనక ముక్క 60 కుట్లు, ముందు ముక్కలు 33 చొప్పున. పొడవు 34 సెం.మీ., అంటే 68 గట్లు. ఛాతీ 56 అయితే 64, 35. పొడవు భుజం నుంచి నడుము కిందికి ఎంత కావాలో కొలిచి రెండుతో గుణిస్తే గట్లు. ఈ అంకెలు ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించండి. అల్లిక సంచిలో పెడితే దాని మీద బొమ్మలు వెలుస్తాయి.

మొత్తం సుమారు 16,500 కుట్లు. నిమిషానికి 15 కుట్లు అల్లినా 18 గంటలు పడుతుంది. రోజుకి అరగంట దొరికితే నెలా పది రోజులు లోపే. జ్వరాలు, పరీక్షలు, చుట్టాలు కలిపి రెండు నెలలు వేసుకోండి. దసరా సెలవుల్లో మొదలుపెడితే డిసెంబరు చలికి అందుతుంది.

ఏ పని ఏ పూట

కుట్లు ఎక్కించడం, మెడ దగ్గర కుట్లు మూయడం, కాజాలు వేసే వరుసలు, ముక్కలు జోడించడం ఇవి తలపెట్టి చేయాల్సినవి. పిల్లలు స్కూల్లో ఉన్నప్పుడో, పడుకున్నాకో. మొత్తం కలిపితే ఇవి మూడు నాలుగు పూటల పని మాత్రమే. మిగతాదంతా ఒకే కుట్టు, చేతులు వాటంతటవే చేసేస్తాయి. 33 కుట్ల వరుసకి రెండు నిమిషాలు, 60 కుట్ల వరుసకి నాలుగు. కుక్కర్ విజిల్స్ కోసం ఎదురుచూస్తూ, స్కూల్ బస్సు కోసం గేటు దగ్గర నిలబడి, డ్యాన్స్ క్లాసు బయట, హోంవర్కు పక్కన కూర్చుని అల్లేది ఇదే. హోంవర్కు దగ్గర ఇంకో లాభం ఉంది. మన చేతులు ఖాళీగా ఉండవు కాబట్టి పిల్ల రాసేది లాక్కుని మనం రాసేయము.

పొయ్యి పక్కన నిలబడి మాత్రం వద్దు. నూనె చేతులతోనూ వద్దు, లేత రంగు ఊలు మీద పసుపు మరక వదలదు.

మధ్యలో లేవడం ఎలా

"అమ్మా!" అని కేక వినిపించింది. చేతిలో ఉన్న ఒక్క కుట్టు పూర్తి చేయండి. వరుస పూర్తి చేద్దామని కూర్చోకండి, ఈలోగా పాలు ఒలికిపోతాయి. కుట్లన్నిటినీ తీగ మీదికి తోసి, అంతా సంచిలో వేసి, మూతి బిగించి, పిల్లలకి అందని కొక్కేనికి తగిలించండి. అలవాటైతే పది సెకన్ల పని.

తిరిగి వచ్చాక ఎటు నుంచి అల్లాలి? ఉండ వైపు పోయే ఊలు ఏ కొన మీది చివరి కుట్టు నుంచి వేలాడుతుందో ఆ కొన కుడి చేతిలోకి రావాలి. ఈ ఒక్కటి గుర్తుంటే వరుస మధ్యలో ఎక్కడ ఆపినా భయం లేదు. తారుమారుగా పట్టుకుని అల్లితే ఒకపక్క రెండు వరుసలు ఎక్కువై, మలుపు దగ్గర చిల్లు పడుతుంది.

గట్లు లెక్కపెట్టడానికి ప్రతి పదో గట్టు అంచున రంగు దారం ముక్క కట్టండి. ఐదారేళ్ల పిల్ల ఉంటే ఆ పని తనకే అప్పజెప్పండి. పదులు లెక్కపెట్టడం వచ్చేస్తుంది, "నేను లాగలేదు" అనే గొడవా తగ్గుతుంది.

రోజూ సంచి పెట్టేసే ముందు ఒకసారి కుట్లు లెక్కపెట్టండి. ఒకటి ఎక్కువుంటే, వరుస మొదట్లో ఊలు సూది పైనుంచి వెనక్కి పడి మొదటి కుట్టు రెండుగా కనిపించి ఉంటుంది, రెండిటినీ మీరు అల్లేసి ఉంటారు. వరుస మొదలుపెట్టేటప్పుడు ఊలు సూది కింద నుంచి వెనక్కి పోయిందో లేదో చూసుకుంటే ఇది రాదు. ఒకటి తగ్గితే ఎక్కడో కుట్టు జారింది. జారిన కుట్టు కనపడగానే దానిలోంచి రంగు దారం దూర్చి ముడేసేయండి, ఇక కిందికి జారదు. రాత్రి క్రోషా సూదితో పైకి ఎక్కించుకోవచ్చు. జారిన కుట్టు పైన ఊలు పోగులు నిచ్చెన మెట్లలా అడ్డంగా ఉంటాయి. గట్ల అల్లికలో ఒక మెట్టు ముందు వైపు నుంచి లాగితే తర్వాతి మెట్టు వెనక వైపు నుంచి లాగాలి, అప్పుడే గట్టు కుదురుతుంది.

క్రోషా అంటే గుర్తొచ్చింది. మన నరసాపురం లేసు క్రోషా పనే, ఒక్క కొక్కెం సూదితో చేసేది. అందులో మధ్యలో ఆపితే జారేది ఒకే ఒక్క కుట్టు. ఇంట్లో అమ్మమ్మకి ఆ పని వస్తే దారం పట్టుకోవడం ఆవిడ దగ్గర నేర్చుకోండి, ఆ పట్టు నిట్టింగ్‌లోనూ పనికొస్తుంది.

ముక్కలు

కాజాలు లేని ముందు ముక్కతో మొదలుపెట్టండి. చిన్నది, త్వరగా పెరుగుతుంది, కొలత తప్పితే తక్కువ నష్టంతో తెలుస్తుంది. 33 కుట్లు ఎక్కించి, ఊలు తోక (కుట్లు ఎక్కించేటప్పుడు మిగిలిన కొస) ఏ మూల వేలాడుతుందో చూడండి. దానికి ఎదుటి అంచు మెడ వైపు. 58 గట్లు అల్లాక, మెడ వైపు నుంచి మొదలయ్యే వరుసలో మొదటి 15 కుట్లు మూసేసి మిగిలిన 18 అల్లండి. ఆ 18 మీద మొత్తం పది గట్లు వచ్చేదాకా అల్లి, అన్నీ వదులుగా మూసేయండి. మూయడమంటే రెండు కుట్లు అల్లి, మొదటిదాన్ని రెండోదాని మీదుగా దాటించి వదిలేయడం, మళ్లీ ఒకటి అల్లి అదే చేయడం.

రెండో ముందు ముక్కా అచ్చం ఇలాగే. అల్లిక రెండు వైపులా ఒకటే కాబట్టి తిప్పి పెడితే అటు పక్కది అయిపోతుంది. కాజాలు మాత్రం అదనం. 10, 25, 40, 55 గట్ల దగ్గర మెడ అంచున మొదలయ్యే వరుసలో రెండు కుట్లు అల్లి, ఊలుని సూదుల మధ్య నుంచి ముందుకు తెచ్చి, తర్వాతి రెండు కుట్లనీ కలిపి ఒకటిగా అల్లండి. ఊలు సూది మీదుగా పడి చిల్లు వస్తుంది, కుట్ల లెక్క మారదు. ఫ్రిజ్ మీది కాగితంలో ఈ నాలుగు అంకెల్ని ఎర్రగా రాసుకోండి.

వెనక ముక్క 60 కుట్లు, 68 గట్లు, ఏ మార్పూ లేదు, చివర్లో అన్నీ మూసేయడమే. సీరియల్ చూస్తూ అల్లేది ఇదే. కొంత విసుగొస్తుంది కూడా.

సైజు మారినా మెడ మారదు. ముందు ముక్కలో 15 మూయండి, మిగిలినవి భుజానికి.

జోడించడం, ఉతకడం

వెనక ముక్క పై అంచున రెండు చివర్లా 18 కుట్ల మేర ముందు ముక్కల భుజాలు కుట్టండి. మధ్యలో 24 మెడకి వదలండి. పక్కలు కింద నుంచి 42 గట్ల దాకా కుట్టి, పై 26 గట్లు చెయ్యి దూరడానికి వదలండి. అదే ఊలు, మొండి సూది. కాజాలు లేని ముందు ముక్క మీద, కాజాలకి ఎదురుగా నాలుగు గుండీలు కుట్టండి. ఊలు తోకల్ని కత్తిరించే ముందు గట్లలోంచి అటూ ఇటూ నాలుగు వేళ్ల మేర దూర్చండి. లోపల పోగులు వేలాడకుండా చూడండి. బుల్లి మేజోళ్లు, చేతి తొడుగులు అల్లితే ఇది మరీ ముఖ్యం. వదులు పోగు పసిబిడ్డ వేలికి చుట్టుకుంటే రక్తం ఆడదు, బిడ్డ ఎందుకేడుస్తుందో కూడా తెలియదు. ఏడాది లోపు పిల్లలకి గుండీలు, మెడ దగ్గర తాళ్లు వద్దు. పడుకోబెట్టేటప్పుడు అల్లిన టోపీ తీసేయండి.

అక్రిలిక్‌ని గోరువెచ్చని నీళ్లలో ఉతికి, తువ్వాలులో చుట్టి నొక్కి, పరిచి ఆరబెట్టండి. దండెం మీద వేస్తే నీళ్ల బరువుకి సాగుతుంది. ఇస్త్రీ అసలు వద్దు, వేడికి ఊలు చచ్చుబడి వేలాడిపోతుంది, మళ్లీ మునుపటిలా కాదు.

మీ చెయ్యి, ఊలు ఉండ

బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన నొప్పి వస్తే అల్లిక ఆపండి. పసిపిల్లల తల్లుల్లో ఇది తరచుగా వస్తుంది. బిడ్డని పదేపదే చంకల కింద చేతులు పెట్టి ఎత్తడం వల్ల బొటనవేలిని కదిపే స్నాయువుల చుట్టూ పొర మందమవుతుంది. దాని మీద అల్లిక తోడైతే ముదురుతుంది. ఓర్చుకుని లాగించకుండా డాక్టర్‌కి చూపించండి. నొప్పి లేకపోయినా అరగంటకోసారి లేవండి. పిల్లలున్న ఇంట్లో అది మనం పెట్టుకోవాల్సిన నియమం కాదులెండి.

ఊలు ఉండని పిల్లలకి ఆడుకోవడానికి ఇచ్చి పక్క గదిలోకి వెళ్లకండి, పొడవాటి దారం మెడకి చుట్టుకోవచ్చు. అడిగితే జానెడు కన్నా పొట్టి ముక్కలు కత్తిరించి, మీ కళ్ల ముందే ఇవ్వండి. చిన్నవాళ్లయితే నోట్లో పెట్టుకోకుండా చూడండి. ఏడెనిమిదేళ్లు దాటినవాళ్లు వేళ్ల మీద అల్లడం ఇట్టే నేర్చుకుంటారు, రాఖీలు అల్లేస్తారు.

మరుసటి చలికాలానికి

మిగిలిన ఊలుని లేబుల్‌తో పాటు ఒక కవర్లో దాచండి. పిల్ల పొడవు పెరిగి వెడల్పు పెద్దగా మారకపోతే ఈ స్వెటర్‌నే పొడిగించుకోవచ్చు. పక్క కుట్లు కింద కొంచెం విప్పి, కింది అంచులోంచి సూదితో కొత్త కుట్లు లాగండి, వెనక 60, ముందు 33 చొప్పున. పది గట్లు కిందికి అల్లి మూసేసి, పక్కలు మళ్లీ కలపండి. పాత ఊలు ఉతుకులకి కాస్త వెలిసి ఉంటుంది కాబట్టి అదే రంగు కలపాలని చూడకండి. పూర్తిగా వేరే రంగు పట్టీ వేస్తే కావాలనే అలా అల్లినట్టు ఉంటుంది.